న్యూయార్క్ సుందరి ఏ ఊరమ్మాయి?



న్యూయార్క్ అనగానే మనకు ఆకాశాన్నంటే మేడలు, లిబర్టీ విగ్రహం, పసుపుపచ్చ టాక్సీలు గుర్తొస్తాయి. అది నగరం సంగతి. అదే పేరుతో ఒక పెద్ద రాష్ట్రం కూడా ఉంది. యాపిల్ తోటలు, పాడి పశువులు, చలికాలమంతా మంచులో కూరుకుపోయే చిన్న ఊళ్లు ఉన్న రాష్ట్రం. రాజధాని ఆల్బనీ. ఆ రాష్ట్రం తరఫున ఏటా ఒక అమ్మాయికి కిరీటం పెడతారు, మిస్ న్యూయార్క్ అంటారు. ఈ పూట ఆ కిరీటం గురించీ, దాన్ని తలకెత్తుకున్న కొందరు అమ్మాయిల గురించీ నాలుగు మాటలు చెబుతాను.

ఎక్కడో అమెరికాలో జరిగే రాష్ట్రస్థాయి అందాల పోటీతో మనకేం పని అని మీరనుకోవచ్చు. ఆ కిరీటం గెలిచినవాళ్లలో ఒకరి పేరు నీనా దావులూరి. ఇంటిపేరు వింటేనే కృష్ణా, గుంటూరు వైపు చుట్టరికాలు వెతకడం మొదలుపెడతాం కదా. ఆమె దగ్గరకు వస్తాను. ఆమె కంటే ముందు ఇద్దరి గురించి చెప్పాలి, వాళ్లకంటే ముందు పోటీ పుట్టుక గురించి చెప్పాలి.

న్యూయార్క్‌కి పక్క రాష్ట్రం న్యూజెర్సీ. అక్కడ సముద్రం ఒడ్డున అట్లాంటిక్ సిటీ అనే పట్టణం. వేసవి సెలవులకు జనం వచ్చి పడేవారు. సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికావాళ్లకు కార్మిక దినోత్సవం. అది కాగానే పెట్టేబేడా సర్దుకుని ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవారు. హోటళ్లు బోసిపోయేవి. ఇంకొన్నాళ్లు ఈ జనాన్ని ఎలా నిలపాలా అని అక్కడి వ్యాపారులు తలపట్టుకుని, చివరికి సముద్రపు ఒడ్డున ఒక ఉత్సవం పెట్టారు. 1921లో అందులో భాగంగా అందాల పోటీ జరిగింది. పత్రికలు తమకు అందిన ఫొటోల్లోంచి తమ నగరం తరఫున ఒక్కో అమ్మాయిని ఎంపిక చేసి పంపాయి. వాషింగ్టన్ నుంచి వచ్చిన మార్గరెట్ గార్మన్ అనే పదహారేళ్ల పిల్ల గెలిచింది. తర్వాత్తర్వాత దానికే మిస్ అమెరికా అని పేరు స్థిరపడింది. అంటే హోటల్ గదులు నింపుకోవడానికి మొదలైన వ్యవహారమిది. ఆడపిల్లల చదువు, వ్యక్తిత్వం, సేవాభావం లాంటి పెద్ద మాటలు తర్వాత వచ్చి చేరాయి.

ఈ పోటీ సజావుగా సాగిందీ లేదు. ఆడపిల్లల్ని స్నానపు దుస్తుల్లో నడిపించడమేమిటని మహిళా సంఘాలు గొడవ చేశాయి. పట్టణానికి చెడ్డపేరు వస్తోందని హోటళ్లవాళ్లే వెనక్కి తగ్గారు. 1928లో ఆగిపోయిన పోటీ 1933లో ఒక్కసారి తలెత్తి మళ్లీ మూతపడింది. 1935లో లెనోరా స్లాటర్ అనే ఆవిడ పగ్గాలు పట్టాకే నిలదొక్కుకుంది. ఆవిడ గట్టి మనిషి. గొప్పింటివాళ్లు కూడా తమ పిల్లల్ని పంపడానికి జంకని పోటీగా దీన్ని మార్చాలని పట్టుబట్టింది. పోటీకి వచ్చిన ప్రతి అమ్మాయి పాటో, ఆటో, వాద్యమో ఏదో ఒక విద్య చూపాలనే నియమం 1938లో వచ్చింది. 1945 నుంచి బహుమతిగా చదువుకు స్కాలర్‌షిప్ ఇవ్వడం మొదలైంది.

వీటితో పాటు 1930ల నిబంధనల్లో ఏడో నంబరుది ఒకటుండేది. పోటీకి వచ్చే అమ్మాయి ఆరోగ్యంగా ఉండాలి, తెల్లజాతికి చెందినదై ఉండాలి. ఏ దాపరికమూ లేకుండా రాసి పెట్టారు. 1950 దాకా ఆ నిబంధన కాగితం మీద ఉంది. కాగితం మీద పోయాక కూడా మరో ఇరవై ఏళ్ల వరకు ఆ వేదిక మీదికి ఒక్క నల్లజాతి అమ్మాయి కూడా ఎక్కలేదు.

1945కి వద్దాం. సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకం చేసింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. సరిగ్గా ఆరు రోజులకు, సెప్టెంబరు 8న, అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా ఎంపిక. మిస్ న్యూయార్క్ సిటీగా వచ్చిన అమ్మాయి పేరు బెస్ మయర్సన్. న్యూయార్క్ నగరంలోనే బ్రాంక్స్ ప్రాంతంలో పుట్టి పెరిగింది. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి ఇళ్లకు రంగులు వేసే పనివాడు. బెస్ హంటర్ కళాశాలలో సంగీతం చదివింది. తనకంటూ ఒక మంచి పియానో కొనుక్కోవాలన్నది ఆమె కోరిక. ఈ పోటీకి ఆమె దరఖాస్తు పంపిందే అక్కగారు.

పోటీకి ముందు లెనోరా స్లాటర్ ఆమెను కూర్చోబెట్టి ఒక సలహా ఇచ్చింది. బెస్ మయర్సన్ అంటే ఎవరికైనా యూదుల పేరని తెలిసిపోతుంది, బెత్ మెరిక్ అని మార్చుకో అంది. తర్వాత సినిమాల్లోకో నాటకాల్లోకో వెళ్లాలన్నా ఆ పేరైతే పనికొస్తుందని దాని తాత్పర్యం. ఆ రోజుల్లో అది మామూలే. హాలీవుడ్‌లో సగంమంది అలా పేర్లు మార్చుకున్నవాళ్లే. ఇరవై ఒక్క ఏళ్ల బెస్ మాత్రం ఒప్పుకోలేదు. తను పెరిగిన వాడలో అందరికీ తను బెస్ మయర్సన్‌గానే తెలుసు, రేపు పేపర్లో పేరు పడితే అది తనేనని వాళ్లకు తెలియొద్దా అన్నది ఆమె లెక్క. వేదికెక్కి పియానో వాయించింది, ఫ్లూట్ వాయించింది, గెలిచింది. మిస్ అమెరికా అయిన తొలి యూదు యువతి. ఐరోపాలో యూదులను లక్షల్లో చంపిన మరణశిబిరాల ఫొటోలు అప్పుడప్పుడే పత్రికల్లో వస్తున్న రోజులవి. ఆమె గెలుపు యూదుల ఇళ్లలో ఎంత పెద్ద పండుగో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. గెలిచిన అమ్మాయి ఏడాదంతా ఊరూరా తిరగాలి. కంపెనీల ప్రకటనల్లో కనిపించాలి. దాని మీదే ఆదాయం. బెస్ విషయంలో కొన్ని కంపెనీలు మొహం చాటేశాయి. తమ సరుకు పక్కన యూదు అమ్మాయి బొమ్మ వద్దనుకున్నాయి. యూదులకు ప్రవేశం లేదని చెప్పే హోటళ్లు, క్లబ్బులు ఆ దేశంలో అప్పుడు బోలెడు. దేశపు రాణి అని కిరీటం పెట్టిన పిల్లను గుమ్మంలోనే ఆపేసిన చోట్లున్నాయి. ఆమె ఆ పర్యటన మధ్యలోనే వదిలేసి, యూదులపై వివక్షను ఎదిరించే సంస్థ తరఫున బడులకు వెళ్లి ప్రసంగాలివ్వడం మొదలుపెట్టింది. మనసులో ద్వేషం పెట్టుకుని అందంగా ఉండటం సాధ్యం కాదన్నది ఆ ప్రసంగాల సారాంశం.

బెస్ మయర్సన్ తర్వాతి జీవితం ఒక పెద్ద నవలకు సరిపోతుంది. 1969లో న్యూయార్క్ నగరంలో వినియోగదారుల వ్యవహారాల శాఖకు తొలి కమిషనర్ అయింది. తూకాల్లో మోసాలు, దుకాణాల అబద్ధపు ప్రకటనల మీద విరుచుకుపడింది. 1980లో సెనేట్‌కు పోటీచేయాలని పార్టీ టికెట్ కోసం ప్రయత్నించి ఓడిపోయింది. తర్వాత ఒక కోర్టు కేసులో ఇరుక్కుని, 1988లో నిర్దోషిగా బయటపడింది గానీ, ఆ మచ్చ ఆమెను పట్టుకుని వదల్లేదు. 2014 డిసెంబరులో కన్నుమూసింది.

1950లు, 60లు గబగబా దాటేద్దాం. టీవీ వచ్చింది, పోటీ ఇంటింటికీ చేరింది, అంతకుమించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. 1968 సెప్టెంబరు 7 మాత్రం ఆగి చూడాల్సిన రోజు. న్యూయార్క్ నుంచి బస్సుల్లో వచ్చిన మహిళలు అట్లాంటిక్ సిటీ సముద్రతీరంలో నిరసనకు దిగారు. ఒక గొర్రెకు కిరీటం పెట్టారు. పెద్ద చెత్తడబ్బా పెట్టి, మడమల చెప్పులు, అంటుడు కనురెప్పలు, లోదుస్తులు అందులో విసిరారు. లోదుస్తులు తగలబెట్టారని ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది గానీ, అక్కడ నిప్పు పెట్టింది లేదు. అదే రాత్రి అదే ఊళ్లో ఒక హోటల్లో మరో పోటీ జరిగింది. మిస్ బ్లాక్ అమెరికా. మా అమ్మాయిలను మీరు రానివ్వకపోతే మా కిరీటం మేమే పెట్టుకుంటాం అన్నారు నల్లజాతివాళ్లు. ఒకే రాత్రి ఒకే పోటీ మీద రెండు నిరసనలు, రెండూ వేర్వేరు కారణాలకు. అసలు కిరీటమే వద్దని ఒకరు, మాకూ కావాలని ఇంకొకరు. నాకైతే ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తుంది.

1970లో మిస్ అమెరికా వేదిక మీదికి తొలి నల్లజాతి అమ్మాయి వచ్చింది. పేరు షెరిల్ బ్రౌన్. తను న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ అమ్మాయి. వచ్చింది మాత్రం అయోవా రాష్ట్రం తరఫున, ఎందుకంటే అక్కడ కాలేజీలో చదువుతోంది.

ఇక్కడ ఈ పోటీ పద్ధతి గురించి చెప్పాలి. మన బడుల్లో వ్యాసరచన పోటీలు మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మెట్లు ఎక్కినట్టే ఇదీ. ముందు మిస్ సిరక్యూస్ అనో మిస్ బ్రూక్లిన్ అనో స్థానిక కిరీటం గెలవాలి. అలా గెలిచినవాళ్లంతా మిస్ న్యూయార్క్ కోసం తలపడాలి. అక్కడ గెలిచిన ఒక్కరే మిస్ అమెరికాకు వెళ్తారు. ఆ రాష్ట్రంలోనే పుట్టి ఉండాలన్న నియమం లేదు. అక్కడ చదువుకుంటున్నా, ఉద్యోగం చేస్తున్నా చాలు. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

1983. మిస్ న్యూయార్క్ వనెస్సా విలియమ్స్. న్యూయార్క్ రాష్ట్రంలోని మిల్‌వుడ్ అనే చిన్న ఊళ్లో పెరిగిన పిల్ల. తల్లిదండ్రులిద్దరూ సంగీతం పాఠాలు చెప్పేవారు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో రంగస్థలం చదువుతూ, స్థానిక పోటీలో గెలిచి, రాష్ట్రం గెలిచి, ఆ సెప్టెంబరులో మిస్ అమెరికా అయింది. అరవై రెండేళ్ల చరిత్రలో తొలి నల్లజాతి విజేత. ఆనందం ఎంత వెల్లువెత్తిందో బెదిరింపు ఉత్తరాలూ అంతే వచ్చాయి. చంపేస్తామని రాశారు. ఆమె గౌరవార్థం సొంత ఊరివాళ్లు ఊరేగింపు పెడితే మేడల మీద తుపాకులతో కాపలా పెట్టాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే ఇంకో వైపు నుంచి ఇంకో సణుగుడు. ఆమె ఛాయ మరీ తెలుపు, కళ్లు లేతరంగు, నిజంగా నల్లజాతి పిల్లను ఎన్నుకోవాలంటే ఈమెనా దొరికింది అన్న నల్లజాతివాళ్లూ ఉన్నారు. ఒకరికి మరీ నలుపు, ఇంకొకరికి చాలని నలుపు.

పదవీకాలం ఇంకా రెండు నెలలు ఉందనగా పిడుగు పడింది. పందొమ్మిదేళ్ల వయసులో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర పనిచేసినప్పుడు తీసిన నగ్న చిత్రాలను పెంట్‌హౌస్ పత్రిక ఆమె అనుమతి లేకుండా అచ్చేసింది. పోటీ నిర్వాహకులు డెబ్భై రెండు గంటల గడువిచ్చి రాజీనామా చేయమన్నారు. 1984 జులై 23న విలేకరుల ముందు నిలబడి ఆమె తప్పుకుంది. మిగిలిన ఏడు వారాలకు రన్నరప్ సుజెట్ చార్ల్స్‌ను రాణిని చేశారు, ఆమె కూడా నల్లజాతి అమ్మాయే. ఆ పత్రిక మాత్రం కోట్లు గడించింది.

ఇక్కడితో ఈ పిల్ల పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. వనెస్సా పాటలు పాడింది. 1992లో ఆమె పాట అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. బ్రాడ్‌వే నాటకాలు, సినిమాలు, టీవీ ధారావాహికలు వరుసగా వచ్చాయి. మిస్ అమెరికా విజేతలందరిలోకీ ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఎవరని అడిగితే జనం చెప్పేది ఆ సంస్థ తరిమేసిన ఈమె పేరే. 2015 సెప్టెంబరులో ఆమెను న్యాయనిర్ణేతగా పిలిచి, ముఖ్య నిర్వాహకుడు శామ్ హాస్కెల్ దేశమంతా చూస్తుండగా వేదిక మీద ఆమెకు క్షమాపణ చెప్పారు. ముప్ఫై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ హాస్కెల్‌గారే రెండేళ్లకు, 2017 డిసెంబరులో, మాజీ విజేతల గురించి అసహ్యంగా రాసుకున్న ఈమెయిళ్లు పత్రికకెక్కడంతో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ రాతలకు ఎక్కువగా గురైన అమ్మాయి మలరీ హేగన్, ఆమె కూడా మిస్ న్యూయార్కే. 2013 జనవరిలో మిస్ అమెరికా అయింది. ఆమె తర్వాత వచ్చిన మిస్ న్యూయార్క్ మన నీనా.

నీనా దావులూరి తల్లిదండ్రులు విజయవాడ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. తండ్రి డాక్టరు. నీనా 1989లో సిరక్యూస్‌లో పుట్టింది. నెలల పిల్లగా ఉన్నప్పుడే విజయవాడలో అమ్మమ్మ ఇంటికి చేరి, రెండేళ్లు దాటాక అమెరికా తిరిగి వెళ్లింది. ఇలా పిల్లల్ని అమ్మమ్మల దగ్గర పెట్టి చదువులూ ఉద్యోగాలూ కుదుట పరుచుకున్న ఇళ్లు మన వైపు లెక్కలేనన్ని. నీనా అమ్మమ్మ వేగె కోటేశ్వరమ్మగారి పేరు విజయవాడలో తెలియనివారు తక్కువ. మాంటిస్సోరి విద్యాసంస్థలు స్థాపించి, ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా వెచ్చించిన ఆ పెద్దావిడకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

నీనా మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెదడుకు, ప్రవర్తనకు సంబంధించిన శాస్త్రం చదివింది. డాక్టరు కావాలనుకుంది. టీనేజి పోటీల్లో వచ్చిన స్కాలర్‌షిప్ డబ్బు కాలేజీ ఫీజులకు పనికొచ్చింది. ఈ స్కాలర్‌షిప్‌ల గురించి ఒక మాట. ఏటా నాలుగున్నర కోట్ల డాలర్ల స్కాలర్‌షిప్‌లు అందుబాటులో పెడుతున్నామని మిస్ అమెరికా సంస్థ చెప్పుకునేది. 2014లో జాన్ ఆలివర్ అనే హాస్య వ్యాఖ్యాత తన టీవీ కార్యక్రమంలో ఆ లెక్క విప్పి చూపించాడు. ఒక కాలేజీ ఇస్తానన్న స్కాలర్‌షిప్ విలువను, దాన్ని తీసుకునే వీలున్న అమ్మాయిలందరి పేరా లెక్కగట్టి రాసేవారట. వాళ్లంతా ఆ కాలేజీలో చేరరు కదా. నిజంగా చేతికందేది అందులో చాలా చిన్న వాటా. అయినా కేవలం ఆడపిల్లలకే స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థల్లో అమెరికాలో ఇంతకంటే పెద్దది లేదని కూడా అతనే ఒప్పుకున్నాడు. అది విని నవ్వాలో బాధపడాలో తెలియదు.

సరే, 2013 సెప్టెంబరు 15, ఆదివారం రాత్రి. కొన్నేళ్లు లాస్ వెగాస్‌కు తరలిపోయిన పోటీ మళ్లీ అట్లాంటిక్ సిటీకి వచ్చింది. మొత్తం యాభై ముగ్గురు అమ్మాయిలు. విద్యా ప్రదర్శనకు ఇచ్చేది తొంభై సెకన్లు. మిగతావాళ్లలో ఎక్కువమంది పాటలు పాడారు, పియానో వాయించారు, బ్యాలే చేశారు. నీనా 'ఓం శాంతి ఓం' సినిమాలోని 'ధూమ్ తానా' పాట మీద నాట్యం చేసింది. సంప్రదాయ నాట్యం నేర్చిన పిల్ల కాబట్టి హిందీ సినిమా ఊపుతో పాటు మన కూచిపూడి పోకడలూ అందులో కలిశాయి. మొవ్వ పక్కన కూచిపూడి అనే చిన్న అగ్రహారంలో, ఆడవాళ్లను ఒకప్పుడు గజ్జె కట్టనివ్వని నాట్యం, అట్లాంటిక్ సిటీ వేదిక మీద ఒక ఆడపిల్ల పాదాల్లో పలికింది. ఆ నాట్యానికి ఆద్యుడని చెప్పుకునే సిద్ధేంద్రుడు చూస్తే ఏమనేవాడో గానీ, శుద్ధ సంప్రదాయవాదులు మాత్రం కనుబొమలు ముడిచి ఉంటారు. నేను ముడవలేదు.

ఆఖరి ప్రశ్న కూడా చిత్రమైనదే. ఒక టీవీ వ్యాఖ్యాత, చైనా మూలాలున్న ఆవిడ, ఉద్యోగంలో పైకి రావడానికి కళ్లు మరీ ఆసియావాళ్లలా కనిపించకుండా శస్త్రచికిత్స చేయించుకున్నానని ఆ వారంలోనే బయటపెట్టింది. దాని మీద మీ అభిప్రాయమేమిటని నీనాను అడిగారు. అలాంటి శస్త్రచికిత్సతో తను ఏకీభవించనని, ఆ పరిస్థితి మాత్రం అర్థం చేసుకోగలనని, ఎవరికి వారు తామున్నట్టే ధైర్యంగా ఉండాలని నీనా జవాబు. చివరికి వేదిక మీద ఇద్దరు మిగిలారు. పసుపుపచ్చ గౌనులో నీనా, ఆమె చేతులు పట్టుకుని మిస్ కాలిఫోర్నియా క్రిస్టల్ లీ. ఇద్దరివీ ఆసియా మూలాలే. కిరీటం నీనాకు దక్కింది. భారతీయ మూలాలున్న తొలి మిస్ అమెరికా.

మనకు అది సోమవారం ఉదయం. ఆ రోజులు గుర్తున్నాయా? రాష్ట్ర విభజన ప్రకటన వచ్చి నెలన్నర. కోస్తా, సీమల్లో సమ్మె, బస్సులు డిపోల్లో, ఉద్యోగులు రోడ్ల మీద. తెలంగాణలో ఎదురుచూపు. తెలుగువాళ్లు ఒక్క మాట మీద లేని రోజుల్లో, ఈ అమ్మాయి తెలుగమ్మాయి అన్న ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యారు.

అమెరికాలో మాత్రం ఫలితం ప్రకటించిన నిమిషాల్లోనే ట్విట్టర్‌లో బురద మొదలైంది. అరబ్బు అన్నారు. ఉగ్రవాది అన్నారు. సెప్టెంబరు 11 దాడుల వర్ధంతి వెళ్లి నాలుగు రోజులే అయిందని గుర్తుచేశారు. కిరాణా దుకాణాల గొలుసు పేరు పెట్టి ఎగతాళి చేశారు. ఇది మిస్ అమెరికా, మిస్ ఇండియా కాదు కదా అన్నారు. సైన్యంలో పనిచేసిన మిస్ కాన్సస్ అమ్మాయే అసలు సిసలు అమెరికన్, ఆమెకే రావాల్సిందని కొందరు వాదించారు. నీనా వాటిని పట్టించుకోదలచుకోలేదంది. తనను తాను ఎప్పుడూ ముందుగా అమెరికన్‌గానే చూసుకున్నానని చెప్పింది.

ఇప్పుడు ఇందాకటి నియమం దగ్గరకు వద్దాం. నీనాకు ముందు గెలిచిన మలరీ హేగన్ పెరిగింది అలబామాలో. పద్దెనిమిదేళ్లకు న్యూయార్క్ చేరింది. నీనా తర్వాత 2014లో గెలిచిన మిస్ న్యూయార్క్ కీరా కజాన్‌ట్సెవ్ పెరిగింది కాలిఫోర్నియాలో, చదువు కోసం వచ్చింది. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చినవాళ్లు. కీరా చుట్టూ వేరే వివాదాలు రేగాయి గానీ, మూలాల గురించి నీనాకు జరిగినంత రభస జరగలేదు. 2018లో గెలిచిన నియా ఫ్రాంక్లిన్ నార్త్ కరోలినా నుంచి వచ్చిన గాయని. వీళ్లలో న్యూయార్క్ గడ్డ మీద పుట్టింది నీనా ఒక్కతే. వెనక్కి వెళ్లి చూడండి. బెస్ మయర్సన్ పుట్టింది న్యూయార్క్‌లో. వనెస్సా విలియమ్స్ పుట్టింది న్యూయార్క్‌లో. నువ్వు మాదానివేనా, ఎక్కడిదానివి అని నిలదీయబడిన ముగ్గురూ అక్కడ పుట్టినవాళ్లే. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి చేరినవాళ్లను ఆ ప్రశ్న అంతగా తాకలేదు. ఒక రాష్ట్రం తరఫున ఎవరు నిలబడాలనేది జనన ధ్రువీకరణ పత్రం చూసి తేల్చుకునే వ్యవహారం కాదని నూరేళ్ల మిస్ న్యూయార్క్ చరిత్ర చదివితే తెలుస్తుంది. ముఖం చూస్తారు, పేరు చూస్తారు.

హేగన్, నీనా, కీరా ముగ్గురూ వరుసగా మిస్ అమెరికాలు కావడం కూడా విశేషమే. ఒకే రాష్ట్రం మూడుసార్లు వరసగా గెలవడం అదే మొదటిసారి. నియా గెలిచిన ఏడాది స్నానపు దుస్తుల అంకం పూర్తిగా తీసేశారు. 1921 నుంచి ఉన్న ఆ నడక లేకుండా కిరీటం పొందిన తొలి అమ్మాయి ఆమె. ఆ రాత్రి ఆమె ఇటలీ ఒపెరా పాట పాడింది. తండ్రికి క్యాన్సర్ వస్తే తన మూలకణాలు ఇచ్చి కాపాడుకున్న పిల్ల.

నీనా గెలిచినప్పుడు అమెరికావాళ్ల జాత్యహంకారం గురించి మనం ఆ వారమంతా చాలా మాట్లాడుకున్నాం. అప్పుడే మన దేశంలోనూ కొందరు ఇంకో ప్రశ్న లేవనెత్తారు. ఈ అమ్మాయి ఇదే చామనఛాయతో ఇక్కడ మిస్ ఇండియా పోటీకి వస్తే గెలిచేదా? మొదటి వడపోతలోనైనా నిలిచేదా? ఆ ప్రశ్నకు ఇబ్బంది పడినవాళ్లలో నేనూ ఒకడిని. ఎందుకంటే జవాబు మనకు తెలుసు. హైదరాబాద్‌లో పుట్టి సికింద్రాబాద్‌లో చదువుకున్న డయానా హేడెన్ 1997లో మిస్ వరల్డ్ అయింది. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 2018లో, మన దేశంలోనే ఒక ముఖ్యమంత్రి ఆమెది భారతీయ సౌందర్యం కాదని, ఆమెకు కిరీటం ఎలా వచ్చిందోనని బహిరంగంగా అన్నారు. తెల్లతోలు మోజుతో బతుకంతా పోరాడుతూనే ఉన్నానని, గోధుమరంగు ఒంటితో గర్వంగా ఉన్నానని ఆమె తిప్పికొట్టింది. ముఖ్యమంత్రిగారు తర్వాత విచారం వ్యక్తం చేశారు. ట్విట్టర్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు నీనాను అన్న మాటలకూ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ అన్నది పదవిలో ఉన్న పెద్దమనిషి.

నీనా ఆ తర్వాత డాక్టరు కాలేదు. ఒంటి రంగు మీద వివక్ష గురించే పనిచేస్తోంది. దాని మీద డాక్యుమెంటరీ తీసింది. 2020 జూన్‌లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య తర్వాత ప్రపంచమంతా నిరసనలు రేగినప్పుడు, తెల్లబరిచే క్రీముల అమ్మకం ఆపాలని యూనిలీవర్ కంపెనీకి బహిరంగ లేఖ రాసి సంతకాలు సేకరించింది. అలా గొంతెత్తినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. 1975 నుంచి మన ఇళ్లలో అద్దం ముందు ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ ఆ ఏడాది గ్లో అండ్ లవ్లీ అయింది. ట్యూబు అదే, గులాబీ రంగు అదే. పేరులో ఒక మాట మారింది.

అదే జూన్‌లో షాదీ డాట్ కామ్ అనే పెళ్లిసంబంధాల వెబ్‌సైటు, అమెరికా, కెనడాల్లోని భారతీయ ఆడపిల్లలు నిలదీయడంతో, ఒంటిరంగును బట్టి సంబంధాలు వెతికే సదుపాయం తీసేసింది. మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్యలకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. ఫోనెత్తితే అమ్మాయి చదువు తర్వాత వాళ్లడిగే రెండో ప్రశ్న ఏమిటో మీకందరికీ తెలుసు.